తెమడ పరీక్ష ఎందుకు? ఎలా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఏ ఊరివారికైనా 2 వారాలకు మించి దగ్గు తగ్గకపోతే ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితంగా చేస్తారు. ఎందుకు? ఒక్క దగ్గును బట్టే క్షయ అని తేల్చలేరు కాబట్టి.

నోరు పుక్కిలించి, గుండెల నిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి డబ్బాలో ఉమ్మాలి. ఉత్త ఎంగిలి పనికిరాదు.

ల్యాబ్‌లో తెమడను గాజుపలకపై పల్చగా పూసి, ఎర్రరంగు వేసి వేడిచేస్తారు. తర్వాత ఆమ్లంతో కడుగుతారు. చాలా రకాల బ్యాక్టీరియా ఆ రంగును వదిలేస్తాయి. క్షయ క్రిమికి మాత్రం మైనం లాంటి పొర ఉంటుంది. అది రంగును పట్టుకునే ఉంటుంది. ఆపై నీలిరంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే క్షయ క్రిములు ఎర్రని సన్న పుల్లల్లా కనిపిస్తాయి. 1882లో రాబర్ట్ కాక్ కనుగొన్నది ఈ క్రిమినే.

క్రిములు మరీ తక్కువైతే మైక్రోస్కోపుకు చిక్కవు. అలాంటప్పుడు ట్రూనాట్ అనే యంత్రం వాటి జన్యువునే వెతికి పట్టుకుంటుంది.

మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు వదలడం లేదా? వెంటనే పరీక్షకు తీసుకెళ్లమని పెద్దవాళ్లకు చెప్పండి.