పావు అల తేడా

మునగాల బడిలో సాగర్ ఎడమ కాలువ నీటి చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూపిస్తుంటే ఒక అమ్మాయి అడిగింది: "లైటు పెంచితే పారమీసియం ఇంకా బాగా కనబడాలి కద సార్, మాయమైతదేంది?"

నిజమే, మాయమవుతుంది. బతికున్న కణంలో ఎక్కువ భాగం నీళ్ళే. వచ్చిన వెలుగును మింగదు, దాటిపోనిస్తుంది. రంగులద్దితే కనబడుతుంది గానీ ఆ పనికి సాధారణంగా ముందు కణాన్ని చంపాలి. చచ్చిన కణం ఈదదు, విడిపోదు. డయాఫ్రం మూస్తే అంచులు తేలతాయి, కానీ లోపలి సన్నని వివరాలు చెదిరిపోతాయి.

అయితే కణం వెలుగు విషయంలో ఒక్క పని చేస్తుంది, దాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది. గట్టు మీద నడిచేవాడికన్నా దమ్ము చేసిన మళ్ళో దిగి నడిచేవాడు వెనకబడినట్టు, కణం గుండా వచ్చిన అల పక్క అలకన్నా వెనకబడుతుంది. వెలుగు ఎక్కువ తక్కువలు కంటికి తెలుస్తాయి. ఈ వెనకబాటు, అంటే దశాభేదం, తెలియదు.

దాన్ని కంటికి తెలిసేట్టు చేసినవాడు నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రిట్స్ జెర్నికె. 1930 ప్రాంతంలో ఆయన చూస్తున్నది కణాన్ని కాదు, సన్నని గీతలు గీసిన గ్రేటింగ్‌ను. దాని మీద చారలు కనబడుతున్నాయి. టెలిస్కోపును సరిగ్గా గ్రేటింగ్ ఉపరితలానికే ఫోకస్ చేస్తే ఆ చారలు పోతున్నాయి! ఎందుకు పోతున్నాయో వెతుకుతూ వెళ్ళి మైక్రోస్కోపు దగ్గర తేలాడాయన.

ఫేజ్ కాంట్రాస్ట్ అనే ఆయన ఉపాయం ఇది. కణాన్ని దాటాక వెలుగు రెండు పాయలవుతుంది. ఒకటి తిన్నగా వచ్చేది, రెండోది కణం తాకిడికి వివర్తనం చెంది పక్కలకు చెదిరేది. చెదిరిన పాయ తిన్నని దానికన్నా సుమారు పావు అల వెనకుంటుంది. అంత తేడాతో రెండూ కలిస్తే ప్రకాశం మారదు, అందుకే కణం కనబడదు. అదే అర అల తేడా ఉంటే? ఒకదాని శిఖరం మీద ఇంకొకదాని లోయ పడి చీకటవుతుంది. కాబట్టి కావలసింది ఇంకో పావు అల మాత్రమే.

రెండు పాయలనూ విడివిడిగా పట్టుకోవడమెలా? నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ భాగమే. కండెన్సర్ కింద ఉంగరం ఆకారపు సందు పెడితే, తిన్నగా వచ్చే వెలుగంతా అబ్జెక్టివ్ వెనక ఒక ఉంగరంలోనే పడుతుంది. చెదిరిన వెలుగు మాత్రం అంతటా పరుచుకుంటుంది. ఆ ఉంగరం చోట ఒక గాజు పలక పెట్టి, అక్కడ మాత్రం తిన్నని వెలుగును పావు అల ముందుకు జరిపారు. అది మరీ ప్రకాశవంతం కాబట్టి పలుచని లోహపు పూతతో కొంత తగ్గించారు కూడా. బూడిదరంగు నేపథ్యం మీద కేంద్రకం నల్లగా తేలింది. రంగు లేదు, చావు లేదు.

1932లో ఈ ఉపాయం పట్టుకుని జర్మనీలోని యేనాకు, జైస్ కంపెనీకి వెళ్ళాడు జెర్నికె. ఇందులో పనికొచ్చేదేమైనా ఉంటే మేమే ఎప్పుడో కనిపెట్టేవాళ్ళమని అక్కడి పెద్ద ఒకాయన అన్నాడట. అది జైస్ చేసిన పెద్ద పొరపాటనే నా అభిప్రాయం. మైక్రోస్కోపు సిద్ధాంతాన్ని నిర్మించిన ఎర్నెస్ట్ ఆబె పనిచేసిన చోటే ఆ మాట వినబడింది మరి. చివరికి యుద్ధకాలంలో అదే జైస్ ఈ మైక్రోస్కోపులు తయారుచేసింది. జెర్నికెకు 1953లో నోబెల్ వచ్చింది.

తర్వాత రంగు అద్దకుండానే కణాలను చూపే నొమార్‌స్కీ పద్ధతి, 1975లో హాఫ్‌మన్ పద్ధతి వచ్చాయి. ఈ రెండోది ఐవీఎఫ్ ల్యాబుల్లో అండాలను చూడటానికి వాడతారు. కణాలను పెంచే ల్యాబుల్లో రోజూ వాటి బాగోగులు చూసేది మాత్రం ఇప్పటికీ ఫేజ్ కాంట్రాస్ట్‌తోనే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీల జువాలజీ, మైక్రోబయాలజీ ఉపాధ్యాయులకు నా మనవి: ఈసారి మైక్రోస్కోపు కొనేటప్పుడు ఒక ఫేజ్ అబ్జెక్టివ్, దానికి సరిపోయే కండెన్సర్ ఉంగరం అడిగి తీసుకోండి. ఒకటి లేకుండా రెండోది పనిచేయదు.