మాటకు ‘బారెడు’ సరే.. జకాత్‌కు గ్రాములే లెక్క

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఆలస్యంగా లేచినోళ్లను "బారెడు పొద్దెక్కింది, ఇంకా లేవవా?" అంటరు. టైమును చేతులు చాపి కొలిచే లెక్క ఇది. పక్క ఊరు ఎంత దూరమంటే ‘కూతవేటు’. ఇక మూర అంటే మోచేయి నుంచి నడివేలి కొస దాకా. పూలు కొనాలంటే పొడుగు చేతుల మనిషి దగ్గరే లాభం!

ఫిత్రా లెక్కలోనూ చేతి కొలతే ఉంది. ఒక ‘ముద్’ అంటే సగటు మనిషి దోసెడు. నాలుగు ముద్‌లు ఒక ‘సా’.

బంగారానికి గింజే కొలత. గురిగింజ ఎత్తు ఒక రత్తి. 8 రత్తీలు ఒక మాషా, 12 మాషాలు ఒక తులం. అంటే 96 గింజలు, 11.664 గ్రాములు. ఇప్పుడు షాపుల్లో తులం అంటే 10 గ్రాములే.

చిక్కు ఇక్కడే. జకాత్‌కు బంగారం నిసాబ్ ఏడున్నర తులాలు అని పెద్దలు చెప్పేది పాత తులం లెక్క. అంటే 87.48 గ్రాములు. అమ్మీ దగ్గర ‘8 తులాలు’ ఉందనుకోండి. షాపు లెక్కలో అది 80 గ్రాములు, నిసాబ్‌కు తక్కువ. పాత లెక్కలో 93 గ్రాములు దాటుతుంది. ఏడాది గడిస్తే రెండున్నర శాతం ఇవ్వాల్సిందే.

బంగారంతో పాటు వెండి, నగదు కూడా ఉంటే లెక్క మారుతుంది. వెండి నిసాబ్ యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. అందుకే నగలు తూకం వేయించి, గ్రాముల్లో రాసుకొనే ఆలిమ్ సాబ్ దగ్గరికి పోవాలె.