మురుగునీరు – మెట్టతామర

అనంతగిరి కొండలలో పుట్టిన నదులలో మూసీ తూర్పునకు సాగి హైదరాబాదు మహానగరపు మురుగును మోయవలసిన దుర్దశకు లోనుకాగా, పడమరకు మళ్ళిన కాగ్నా యాలాల్, తాండూరు ప్రాంతముల మీదుగా ప్రవహించి కర్ణాటకములో భీమానదిని కలియుచున్నది. మూసీకి పట్టిన గతి కాగ్నాకు పట్టకుండవలెనన్నచో, నానాటికి పెరుగుచున్న ఈ పట్టణములు తమ మోరీల సంగతి ఇప్పుడే ఆలోచింపవలసియున్నది. ఇంటికి వచ్చిన నీటిలో నూటికి 80 పాళ్ళు మురుగై బయటకు పోవునని ఇంజనీర్లు లెక్కగట్టుదురు. మనిషికి దినమునకు 135 లీటర్లను పట్టణ ప్రమాణమును బట్టి చూచిన, అయిదుగురున్న ఇంటినుండి రోజుకు 540 లీటర్లు వెలువడుచున్నవన్నమాట.

జాలారు నీటిని పెరటి అరటి మొదళ్ళకో, చేమమడికో మళ్ళించుట మన పల్లెలలో తరతరాల వాడుక. పెరడు విశాలమై, నేల ఆరుటకు వ్యవధి ఉన్నంతకాలము ఆ పద్ధతికి వంక పెట్టనక్కరలేదు. గోడకు గోడ ఆనుకొన్న పట్టణములో మాత్రము నేల నాని, నీరు నిలిచి, దోమలకు ఆటపట్టగును. అట్టిచోట ఆ పాత వాడుకనే శాస్త్రబద్ధముగా తీర్చిదిద్దిన రూపము నిర్మిత చిత్తడినేల. నీరు మొదట ఒక తొట్టిలో నిలిచి, మడ్డి అడుగునకు, జిడ్డు పైకి చేరిన పిదప, ఇంచుమించు 60 సెంటీమీటర్ల లోతున కంకర నింపి, అడుగు నీరు ఇంకకుండ కట్టిన మడిలోనికి ప్రవేశించును. ఆ కంకరలో మెట్టతామర, జమ్ము, వట్టివేరు వంటి మొక్కలు నాటుదురు. నీటి మట్టము కంకర పైభాగమునకు కొన్ని అంగుళముల దిగువనే ఉండుటచే దోమ గ్రుడ్లు పెట్టుటకు తావు దొరకదు.

మొక్కయే మలినమును భుజించునని చాలమంది తలంపు. నిజమునకు దాని వాటా స్వల్పము. శుద్ధి చేయునది రాళ్ళకును వేళ్ళకును జిగురుపొరవలె అంటుకొని బ్రతుకు సూక్ష్మజీవరాశి. యాత్రికులకు నీడనిచ్చు సత్రమువంటిది మొక్క. జమ్ము ఆకును అడ్డముగా కోసి చూచినచో, వరుసలు తీర్చిన గాలిగదులు కంటికే కనిపించును. ఆ మార్గమున ప్రాణవాయువు బురదలోని వేళ్ళవరకు దిగి, కొంత వెలుపలికి స్రవించును. వేరు చెంత ఆ వాయువును పీల్చు బాక్టీరియాలు అమోనియాను నైట్రేటుగా మార్చగా, వేరుకు దూరముగా, వాయువు అందని చీకటిలో మరియొక జాతి ఆ నైట్రేటునుండి ప్రాణవాయువును లాగుకొని, మిగిలిన నత్రజనిని ఆకాశమునకు వదలివేయును. ఒకే మడిలో, జానెడు దూరములో, రెండు విరుద్ధ వ్యాపారములు! 1950ల దశకములో జర్మనీలోని ప్లోన్ నగరమున కేట్ జైడెల్ అను శాస్త్రజ్ఞురాలు నీటిమొక్కలతో ఈ ప్రయోగములను ఆరంభించినది. మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులును ఇట్టి మడులలో మురుగును శుద్ధిచేసి, ఆ నీటిని పైరులకు వాడి పరిశీలించిరి.

నేల కరవైనచోట మడి నీటిపైననే తేలవచ్చును. 2018లో హైదరాబాదు నెక్నాంపూర్ చెరువుపై ధ్రువాంశ్ అను స్వచ్ఛంద సంస్థ సుమారు 3,000 చదరపుటడుగుల తేలియాడు మడిని నెలకొల్పి, వట్టివేరు, మెట్టతామర మున్నగు మొక్కలను నాటించినది. మంచి యత్నమే, అయినను చెరువులోనికి మురుగు దిగిన పిమ్మట చేయు చికిత్సకంటె, దిగకమునుపే వీధి చివర ఆపుట సులువని నా తలంపు. పచ్చగా ఉన్నదెల్ల శుద్ధి కాదనుటకు గుర్రపుడెక్కయే సాక్షి: అదియు పోషకములను పీల్చును గాని, కోసి తీయనియెడల అక్కడనే క్రుళ్ళి, తీసికొన్నదంతయు నీటికే అప్పగించును.

తాండూరు చుట్టుప్రక్కల గుట్టలుగా పడియున్న నాపరాతి ముక్కలను ఈ మడులకు వాడరాదా? అది సున్నపురాయి, నీటిలోని భాస్వరమును సున్నపు లవణములు కొంతవరకు పట్టి ఉంచును గనుక, ఒక చిన్న మడిలో పరీక్షింపదగినదే. కాని పాలిషింగు యంత్రముల తెల్లని బురద ఏమాత్రము కలిసినను రాళ్ళ సందులు పూడి, నీరు పైకి ఉబికి, దోమలు మరల చేరును. అందుచే రాతిని జల్లెడపట్టి, కడిగి వేయవలెను. అంతకంటె ముఖ్యము మొదటి తొట్టిలోని మడ్డిని ఎప్పటికప్పుడు తీయించుట. మొక్కలు నాటిననాడు అందరును ఫోటోలు దిగుదురు. మడ్డి తీయునాడు ఎవ్వరును రారు. ఈ మడులు చెడుటకు ముఖ్యకారణము అదియే.

స్థలపు లెక్క ఒకటి మిగిలినది. యూరపు చలిలో మనిషికి 5 చదరపు మీటర్ల మడి కావలసియుండగా, మన ఎండలకు సూక్ష్మజీవులు చురుకుగా పనిచేయుటచే ఒకటి రెండు చదరపు మీటర్లు చాలును. అట్లు వెలువడిన నీరు కంటికి తేటగా కనిపించినను రోగక్రిములు పూర్తిగా నశించియుండవు గనుక, పశుగ్రాసమునకు, పూలమొక్కలకు, వీధిచెట్లకు పారింపవచ్చును గాని, పచ్చిగా తిను కొత్తిమీర, ముల్లంగి మళ్ళకు పెట్టరాదు.