సముద్రంలో దొరికిన ఇంజను ఎవరిది?

మన గుడిబండకు సముద్రం చాలా దూరం, బెంగళూరు దగ్గర. ఈ కబురులో రెండూ వస్తాయి, వినండి నాయనా.

1942 ఏప్రిల్ 4న సింహళంలోని కొగ్గల నుంచి ఒక కాటలీనా విమానం గస్తీకి లేచింది. కాటలీనా నీళ్లమీదే దిగుతుంది, నీళ్లమీది నుంచే లేస్తుంది. నడిపినాయన కెనడావాడు, లెనార్డ్ బర్చాల్. జపాన్ నౌకాదళం వస్తోందని చూసి వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే జపాన్ వాళ్ల జీరో విమానాలు కాటలీనాను కూల్చేశాయి. బర్చాల్ బతికాడు గానీ యుద్ధం ముగిసేదాకా జపాన్ చెరలోనే ఉన్నాడు. మర్నాడు కొలంబో మీద, ఆ మర్నాడు మన విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి.

అట్లాంటి యుద్ధం జరిగిన సముద్రంలో డైవర్లకు ఒక ఇంజను దొరికిందనుకోండి. రంగు లేదు, పేరు లేదు, ఒళ్లంతా గుల్లలు పట్టాయి. అది కాటలీనాదా, జీరోదా?

సిలిండర్లు లెక్కపెడితే తేలదు. కాటలీనాకు ప్రాట్ అండ్ విట్నీ వాళ్ల ట్విన్ వాస్ప్, జీరోకు నకజిమా వాళ్ల సకాయె. రెండింటికీ పద్నాలుగే. ముందు వరసలో ఏడు, వెనక వరసలో ఏడు, క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ గుండ్రంగా ఉంటాయి.

ఏడే ఎందుకు తాతా అంటారా? క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోపు ప్రతి సిలిండరూ ఒక్కసారి మండాలి. ఒకటి విడిచి ఒకటి మండుతుంది: 1, 3, 5, 7, ఆ వెంటనే 2, 4, 6, మళ్లీ 1. వేళ్లమీద లెక్కపెట్టి చూడండి, ఎక్కడా తాళం తప్పదు. అదే ఆరు పెడితే 1, 3, 5 అయ్యాక మళ్లీ 1 దగ్గరికే వస్తాం, సరి సంఖ్యల వంతు రానే రాదు. అందుకే ఇట్లాంటి ఇంజన్లలో వరసకు బేసి సంఖ్యే.

మరి తేడా ఎక్కడ? మీ బడి ల్యాబులో ఉండే వెర్నియర్ కాలిపర్స్ చాలు. ట్విన్ వాస్ప్ సిలిండరు లోపలి వ్యాసం అయిదున్నర అంగుళాలు, అంటే 139.7 మిల్లీమీటర్లు. సకాయెది 130. తుప్పు ఎంత తిన్నా దాదాపు పది మిల్లీమీటర్ల తేడాను చెరపలేదు. పిస్టను నడిచే దూరం కూడా వేరు: అమెరికా ఇంజనులో అదీ అయిదున్నర అంగుళాలే, జపాన్ దానిలో 150 మిల్లీమీటర్లు. అంగుళాల్లో ఆలోచించిన దేశమేదో, మిల్లీమీటర్లలో ఆలోచించిన దేశమేదో ఆ కొలతలే చెప్పేస్తాయి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇంజనులో ఏ భాగం మిగులుతుందో దాని లోహాన్ని బట్టి ఉంటుంది. ఉప్పునీళ్లలో రెండు వేరువేరు లోహాలు ఆనుకుని ఉంటే అది బ్యాటరీ సెల్లే. మెగ్నీషియం ముందు కరిగిపోతుంది, అల్యూమినియం తెల్లగా పొడిబారుతుంది, ఉక్కు తుప్పు పడుతుంది, కంచు గట్టిగా నిలుస్తుంది. పైడొప్ప పూర్తిగా పోయి, లోపలి పళ్లచక్రాలు మాత్రం తమ వరసలోనే నిలబడి దొరకడమూ ఉంది.

పైకి తీశాక ఎండలో పెట్టకూడదు. మామిడి ముక్కకు ఉప్పు పట్టినట్టు లోహం సందుల్లోకి ఉప్పు దిగి ఉంటుంది. ఆరితే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. మంచినీళ్లలో ఉంచి, నీళ్లు మారుస్తూ ఆ ఉప్పును వదిలించాలి. 2013లో ఇంగ్లండు దగ్గర సముద్రంలోంచి ఒక జర్మన్ డోర్నియర్ విమానాన్ని తీసినప్పుడు, నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లం కలిపిన నీళ్లు నెలల తరబడి చల్లారు.

ఇంకో జాగ్రత్త. ట్విన్ వాస్ప్‌లో పొగ బయటికి పోయే వాల్వు కాడ డొల్లగా ఉంటుంది, అందులో సోడియం పోస్తారు. అది వేడికి కరిగి, కాడలో ఊగుతూ వేడిని కిందికి మోస్తుంది. ఆ వాల్వును రంపంతో కోసి నీళ్లు తగలనిచ్చారో, భగ్గుమంటుంది!

సరే, ట్విన్ వాస్ప్ అని తేలింది. అంతమాత్రాన కాటలీనా అనలేం. డకోటా విమానానికీ అదే ఇంజను, లిబరేటర్ విమానానికీ అదే. అందుకని పక్కన రెక్క ముక్కో, రేకు ముక్కో దొరుకుతుందేమో వెతుకుతారు. కన్సాలిడేటెడ్ కంపెనీ తన భాగాల మీద నంబర్లు గుద్దేది. కాటలీనా ఆ కంపెనీ 28వ మోడల్, కాబట్టి నంబరు 28తో మొదలవుతుంది. లిబరేటర్‌ది 32.

ఇంజను మీది నంబరు చూసి ఫలానా విమానమని తేల్చేయొచ్చు కదా అంటారేమో. ఇక్కడే బెంగళూరు వస్తుంది. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్ఖానాను యుద్ధకాలంలో అమెరికా వాయుసేనకు అప్పగించారు. కాటలీనాలు బెళ్లందూరు చెరువులో దిగి అక్కడ మరమ్మతుకు వెళ్లేవి. అట్లాంటి కార్ఖానాల్లో ఒక విమానం ఇంజను విప్పి, బాగుచేసి, ఇంకో విమానానికి బిగించడం మామూలే. పుట్టినప్పుడు ఏ విమానానికి బిగించారో ఆ చీటీ ఒక్కటే చూస్తే పొరబడతాం. ఇంజను నంబరు, రేకు మీది నంబరు, కార్ఖానా మరమ్మతు పుస్తకం, ఆ రోజు గస్తీ చిట్టా, ఈ నాలుగూ ఒకే విమానాన్ని చూపించాకే దానిలో పోయినవాళ్ల ఇంటికి కబురు పంపాలి.