సూది లేదు.. రంగు మందు లేదు.. కంటి నలుపే ఆధారం

రెటీనా జబ్బు ఎక్కడిదాకా వచ్చిందో చూపే పరారుణ చిత్రం

కె.ఆర్‌.పురం: కుప్పం వైపు నుంచి బెంగళూరు వచ్చే రైళ్లకు నగరం గడప కృష్ణరాజపురం స్టేషన్‌. 2023లో ఇక్కడి మెట్రో మొదలయ్యాక మెజెస్టిక్‌లో రైలు మారి కె.ఆర్‌.మార్కెట్‌ చేరుకోవచ్చు. 1896లో మొదలైన మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఆ దగ్గర్లోనే ఉంది. ఇలా దారి సులువైనా, రేచీకటిని ‘ఒంట్లో బలం లేక’ అని సరిపెట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

విటమిన్‌ ఎ లోపంతో వచ్చే రేచీకటి మందులతో తగ్గుతుంది. రెటినైటిస్‌ పిగ్మెంటోసా అలా కాదు. ఇది వంశంలో వచ్చే జబ్బు. మేనరికం చేసుకున్న ఇళ్లలో పిల్లలకు ఇలాంటి జబ్బులొచ్చే అవకాశం ఎక్కువ. చూపు పక్కల నుంచి మెల్లగా మూసుకొస్తుంది. ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నది తెలుసుకోవడమే ముఖ్యం.

నలుపే వెలుగై..

చర్మానికి, జుట్టుకు రంగునిచ్చే మెలనిన్‌ కంటి వెనక రెటీనాను ఆనుకున్న పొరలోనూ ఉంటుంది. దానిపై 787 నానోమీటర్ల పరారుణ కాంతిని పంపితే, అది బదులుగా 800 దాటిన మరో మసక కాంతిని విడుస్తుంది. కెమెరా దాన్నే పట్టుకుంటుంది. నరానికి రంగు మందు ఎక్కించి ఫొటో తీసే యంత్రంతోనే, మందు లేకుండా ఈ చిత్రం తీస్తారు. మెలనిన్‌ ఇలా కనిపిస్తుందని 2006లో కీల్‌హావర్‌, డెలోరీ అనే పరిశోధకులు వివరించారు.

ఇంకో రకం చిత్రానికి నీలి కాంతి వాడతారు. అందులో కణాల్లో పేరుకున్న లైపోఫ్యూసిన్‌ అనే వ్యర్థం కనిపిస్తుంది, చూపుకు నడిమి భాగం నల్లగా పడుతుంది. పరారుణ చిత్రంలో మెలనిన్‌ ఎక్కువున్న ఆ నడిమి భాగమే మెరుస్తుంది. నీలి వెలుగులా కళ్లు జిగేల్మనవు కూడా.

పాత ఫొటో పారేయొద్దు

రెటినైటిస్‌ పిగ్మెంటోసాలో మిగిలిన భాగం చుట్టూ తరచూ ఉంగరంలాంటి గీత కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది చిన్నదవుతుంది. నడి చూపును దెబ్బతీసే స్టార్‌గార్ట్‌ జబ్బులో, నీలి చిత్రంలో కనిపించేదానికన్నా ఎక్కువ నష్టం ఇందులో తరచూ బయటపడుతుంది.

ఇది పరీక్షే తప్ప వైద్యం కాదు. ఓసీటీ వంటి పరీక్షలతో కలిపి చూస్తేనే అర్థం. పైగా ఒక్క ఫొటోతో జబ్బు వేగం తెలియదు. నిరుటి ఫొటో పక్కన పెట్టి చూడాలి. పని కోసం ఊరు మారేవారు, ఆంధ్రలో ఓసారి, కర్ణాటకలో ఓసారి చూపించుకునేవారు ప్రతి చిత్రం కాపీ అడిగి దాచుకోవాలి.

అన్ని ఆసుపత్రుల్లో ఈ సదుపాయం ఉండదు. ముందే అడిగి బయల్దేరాలి. పాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకబారుతుంది. తోడుగా ఒకరు ఉండాలి.