బాలింత పిల్లికి, కూనలకు పురుగు పట్టినప్పుడు

మన యిళ్ళలో పిల్లిని ఎవరూ కొని తెచ్చుకోరు. అదే వస్తుంది. పెరటి గోడ దిగివచ్చి, నాలుగు రోజులు పాలు తాగి, ఒకనాడు అటకమీది పాతబట్టల మూటలో మూడో నాలుగో కూనలను పెట్టి కూర్చుంటుంది. అప్పటినుంచి అది మన పిల్లి. మూడు వారాలు గడిచేసరికి పిల్లలు ఆ కూనలను ఒళ్ళో పెట్టుకోవడం, వాళ్ళ కాళ్ళమీద ఎర్రటి దద్దుర్లు లేవడం, యింటి పెద్దలు "ఆ సంతానాన్నంతా బయట పారేయండి" అనడం మామూలే. ఆ మాట అనే ముందు యీ నాలుగు సంగతులు తెలుసుకుంటే మంచిది.

మొదట పేరు సంగతి. తమిళులు దీన్ని తెళ్ళుపూచ్చి అంటారు, కన్నడిగులు చిగట అంటారు, మరాఠీవారు పిసూ అంటారు. మనం మాత్రం పేను, గోమారి, పిడుదు అని అన్నిటినీ ఒకే గంపలో వేస్తాము. గోమారి చర్మాన్ని కరచుకుని కదలకుండా వుబ్బుతుంది. పేను వెంట్రుకను పట్టుకుని మెల్లగా పాకుతుంది. యిక్కడ చెప్పేది గెంతుడు పురుగు. 2, 3 మిల్లీమీటర్ల పొడవు, ముదురు గోధుమరంగు, రెక్కలు లేవు. రెండు పక్కలా అదిమినట్టు పలచగా వుండి వెంట్రుకల మధ్యనుంచి జారిపోతుంది, పట్టబోతే గెంతుతుంది. దీని శాస్త్రీయనామం క్టెనోసెఫాలిడిస్ ఫెలిస్. ఆ పేరులో పిల్లి వున్నా, యిది కుక్కనూ వదలదు, మనిషినీ వదలదు.

బొంబాయిలోనూ బెంగుళూరులోనూ తరతరాలుగా స్థిరపడిన మనవారిలో యీ పురుగు మాట ఎత్తితే ప్లేగు జ్ఞాపకం వచ్చేవారు వుంటారు. 1896లో బొంబాయికి, 1898లో బెంగుళూరుకు ఆ జాడ్యం వచ్చింది. మల్లేశ్వరం, బసవనగుడి పేటలు దాని తరువాత వెలసినవే. ఆ 1898లోనే పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో పరిశోధించి, ఎలుకనుంచి ఎలుకకు రోగాన్ని మోసేది గెంతుడు పురుగేనని చూపించాడు. అయితే ఆ రోజుల్లో అంత పని చేసినది ఎలుకమీద వుండే వేరొక జాతి. పిల్లిమీద పురుగు కనబడగానే ప్లేగని బెదరనక్కరలేదు.

బెదరవలసింది కూన విషయంలో. అప్పుడే పుట్టిన కూన బరువు సుమారు 100 గ్రాములు. దాని ఒంట్లో వున్న రక్తమంతా కలిపి 6, 7 మిల్లీలీటర్లు. అంటే చిన్న చెంచాడు, ఆపైన మరికొంచెం. 70 ఆడ పురుగులు కలిస్తే రోజుకు 1 మిల్లీలీటరు రక్తం లాగుతాయని లెక్క కట్టారు. పెద్దపిల్లికి యిది దురద. కూనకు ప్రాణం మీది సంగతి. పైగా తల్లి నాకి, కొరికి తన పురుగులను కొంత తగ్గించుకుంటుంది. కళ్ళు తెరవని కూనకు ఆ విద్య యింకా రాదు.

కూన పైపెదవిని మెల్లగా ఎత్తి చిగురు చూడండి. గులాబిరంగు వుంటే సరే. తెల్లగా పాలిపోయి వున్నా, ఒళ్ళు చల్లబడినా, తోటి కూనలు పాలు తాగుతుంటే అది పక్కన పడివున్నా, యింటి వైద్యం మాట మరిచి వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళవలె. ఒక్కొక్కప్పుడు రక్తం ఎక్కించవలసి వస్తుంది. మద్రాసువారికి వేపేరి పశువైద్య కళాశాల, బెంగుళూరువారికి హెబ్బాళ, బొంబాయివారికి పరేలు వున్నాయి. యానాంవారికి కాకినాడ దగ్గర.

పురుగు కంటపడకపోయినా అనుమానం తీర్చుకునే వుపాయం వున్నది. కూనను తెల్లటి తడిగుడ్డమీద నిలబెట్టి తోకమొదట, మెడవెనుక వేలితో నిమిరితే నల్లటి నలుసులు రాలుతాయి. మట్టి అయితే నల్లగానే వుంటుంది. ఆ నలుసు చుట్టూ తడి ఎర్రబారితే అది పురుగు విసర్జించిన రక్తం.

యిక, చేయకూడని పనుల గురించి కొంచెం విస్తరించి చెప్పవలె. ఎందుకంటే పురుగువల్ల చచ్చే కూనలు కొన్ని అయితే, మన మందులవల్ల చచ్చేవి మరికొన్ని. పిల్లి తన ఒళ్ళంతా నాకుతుంది. ఒంటిమీద రాసినదంతా కడుపులోకి పోతుంది. బాలింత పిల్లి అయితే కూనలు ఆ రొమ్మునే నోట పెట్టుకుంటాయి. పైగా పిల్లి కాలేయానికి కొన్ని విషాలను విరిచి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. అందువల్ల మనకూ కుక్కకూ చెల్లినది దానికి చెల్లదు. కిరసనాయిలు, ఫినాయిలు, డెట్టాలు కలిపిన నీళ్ళు, కర్పూరం, కలరా వుండలు, పొగాకు కషాయం, నీలగిరి తైలం, చీమలకు గీసే చాక్‌పీసు, వీటిలో ఏదీ పిల్లి దగ్గరకు రాకూడదు. వెల్లుల్లి మెదిపి పెట్టేవారున్నారు, అదీ విషమే. "వేపనూనె మంచిదే కదా" అంటారు. వేప మనకు మంచిదే. రోజుల కూనకు పూసి తల్లిచేత నాకించడానికి పనికిరాదు.

అన్నిటికంటె హెచ్చు ప్రమాదం కుక్కలకు అమ్మే మందు. అందులో చాలావాటిలో పెర్మెత్రిన్ అనే ద్రవ్యం వుంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. మా వీథిలో ఒక యింటివారు, కుక్కకు తెచ్చిన సీసాలో మిగిలిన నాలుగు చుక్కలు బాలింత పిల్లి మెడమీద వేశారు. కొట్టువాడు రెండింటికీ ఒకటే అన్నాడట. రాత్రికి దానికి వణుకు, ఆపైన కొంకర్లు. అదృష్టంకొద్దీ ఆ యింటి కోడలు గిన్నెలు తోమే ద్రవపు సబ్బుతో, గోరువెచ్చని నీళ్ళతో ఆ మందు కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి వైద్యుని దగ్గరకు పరుగెత్తింది. పిల్లి దక్కింది. మూడురోజులు దాని కూనలకు పిల్లిపాల పొడి కలిపి సీసాతో పట్టవలసి వచ్చింది.

మరి చేయవలసిందేమిటి? నాలుగు వారాలలోపు కూనకు ఉత్తమమైన మందు పేలదువ్వెన. పెద్దవాళ్ళు ఈరుపెన అనేవారు చూడండి, ఆ సన్నపళ్ళది. ఒక గిన్నెలో సబ్బునీళ్ళు పెట్టుకుని, మెడ, చెవుల వెనుక, పొట్ట, తోకమొదలు మెల్లగా దువ్వి, పళ్ళలో చిక్కిన పురుగును చప్పున నీళ్ళలో ముంచవలె. ఉత్తనీళ్ళలో అయితే తేలి గెంతిపోతుంది, సబ్బునీళ్ళలో మునుగుతుంది. తల్లినీ అలాగే దువ్వవలె. రోజూ రెండుపూటలా పది నిమిషాలు చాలు. మన ఆడపడుచులకు యీ పని ఎవరూ నేర్పనక్కరలేదు.

పురుగు మరీ దట్టంగా వుంటే స్నానం. కాని చిన్నకూన తన ఒంటివేడి తాను నిలుపుకోలేదు. తడిసిన కూన పురుగుకంటె ముందు చలికి పోతుంది. గోరువెచ్చని నీళ్ళు, వాసనలేని మెత్తని సబ్బు, ఒక్కసారికి ఒక్క కూన. మొదట మెడచుట్టూ నురుగు కట్టవలె, లేకపోతే పురుగులన్నీ ముఖంమీదికి ఎక్కుతాయి. ముఖం కడగకూడదు, దువ్వెనతో తీయవలె. రెండు మూడు నిమిషాలలో ముగించి, మెత్తని తువాలుతో పూర్తిగా ఆరేదాకా తుడిచి, వేడినీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి పక్కనపెట్టి, ఆరాక తల్లికి అప్పగించవలె. నీరసించిన కూనకు స్నానం వద్దు.

మందులు లేవని కాదు. సెలమెక్టిన్ అనే చుక్కలమందు పాలిచ్చే తల్లికి వాడవచ్చునని పరీక్షించి చూశారు. తల్లికి వేస్తే కూనలకూ సగం పీడ వదులుతుంది. కూనలకు స్వయంగా వేయడానికి 6 లేక 8 వారాలు నిండవలె. ఒక్కొక్క దేశపు చీటీలో ఒక్కొక్క విధంగా వున్నది. నిటెన్‌పైరామ్ మాత్రను 4 వారాలనుంచి అంటారు గాని, కూన 900 గ్రాములు తూగవలెనని షరతు. నెల కూన అందులో సగం తూగితే గొప్ప. ఫిప్రోనిల్ తుంపరమందును కొన్ని దేశాలలో రెండురోజుల కూనకు కూడా అనుమతించారు, మరికొన్నిచోట్ల 8 వారాలదాకా వద్దన్నారు. అందుచేత వయస్సు, బరువు చూసి వైద్యుడు చెప్పవలసిన మాటే గాని, కొట్లో అడిగి తెచ్చుకునేది కాదు. కూనను తూచడానికి వంటింటి త్రాసు చాలు.

యింతా చేసి పక్కను వదిలేస్తే పని మళ్ళీ మొదటికి వస్తుంది. ఆడపురుగు రోజుకు 40, 50 గుడ్లు పెడుతుంది. అవి ఒంటిమీద నిలవవు. పరుపులోకి, చాపలోకి, కడపరాళ్ళ సందుల్లోకి రాలుతాయి. కంటికి కనబడే పెద్ద పురుగులు మొత్తం సంతతిలో నూటికి అయిదో వంతో అంతే. మిగతాదంతా గుడ్లు, చీకట్లో దాగే లార్వాలు, గూళ్ళు. వాటికి గాలిలో తేమ కావాలి. మద్రాసు, యానాం వంటి సముద్రపు దరిని అది ఏడాది పొడుగునా దొరుకుతుంది. కూనల పక్కకు పరుపు వద్దు. వుతకడానికి వీలైన పాత నూలుచీర మడతలు వేసి, రోజు విడిచి రోజు మార్చి, మరిగేనీళ్ళలో నానబెట్టి ఎండలో వేయవలె. సందులు ఊడ్చిన చెత్తను యింట్లో వుంచకుండా అప్పుడే పారవేయవలె.

పిల్లి కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మన సామెత. ఏడిళ్ళు కాకపోయినా యింట్లోనే మూడు మూలలు తిప్పుతుంది. తిప్పిన ప్రతి మూలా గుడ్లు రాలివుంటాయి గనుక, అది వదిలిన అటకనూ, బీరువా కిందినీ కూడా శుభ్రం చేస్తేనే ఫలితం.

కూనల మలద్వారం దగ్గర ఎండిన బియ్యపు గింజల వంటివి కనబడితే అవి బద్దెపురుగు ముక్కలు. గెంతుడు పురుగును మింగడంవల్ల వస్తుంది. దానికి వేరే మందు వున్నది, వైద్యుని అడగండి. పిల్లి గీరితే వచ్చే జ్వరానికి మూలమైన క్రిమిని కూడా యీ పురుగే మోస్తుంది కాబట్టి, పిల్లలు కూనలను ఎత్తుకున్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవలె. గీరిన చోటును అప్పుడే కడగవలె.

పదిరోజులు దువ్వి, పురుగు కనబడక నిశ్చింతగా వున్న తరువాత మళ్ళీ నాలుగు కనబడితే నిరాశ పడవద్దు. అవి గూళ్ళలోనుంచి కొత్తగా వచ్చినవి. గూటిలోని పురుగుకు మందు అంటదు. నెలలకొద్దీ కాచుకుని, అడుగుల చప్పుడు, ఒంటివేడి తగలగానే బయటపడుతుంది. అందుకని దువ్వెనను మరో రెండు మూడు నెలలు పక్కన పెట్టకండి. 8 వారాలు దాటి కూనలను బంధువుల యిళ్ళకు యిచ్చేటప్పుడు కూడా, బుట్టలో పెట్టేముందు ఒకసారి దువ్వి, పాత గుడ్డ తీసేసి కొత్త గుడ్డ పరచి పంపండి.