కోడ్‌కి సొంతిల్లా, అద్దె ఇల్లా?

2014 డిసెంబరులో ఉగ్రవాద ప్రచారం పేరుతో కేంద్రం 32 సైట్లను ఆపమన్నప్పుడు ఆ జాబితాలో, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్ పేజీలూ ఉన్నాయి. కొందరు ప్రోగ్రామర్లకు పని ఆగింది. నాలుగేళ్ల తర్వాత మైక్రోసాఫ్ట్ అదే గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనేసింది. పులికాట్‌కు దగ్గర్లోని శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ విద్యార్థి ప్రాజెక్టు అయినా, హైటెక్ సిటీ కంపెనీ కోడ్ అయినా అక్కడ ఉన్నంతకాలం తాళాలు వేరేవాళ్ల దగ్గరే.

హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ వేరే దారి పట్టింది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు తమ కోడ్‌ను, గిట్‌హబ్ లాంటిదే అయినా సొంత సర్వర్ మీద నడుపుకోగల గిట్‌ల్యాబ్‌లో పెట్టుకున్నారు. ఊరందరికీ చెప్పే మాట తామే పాటించడమన్నమాట.

అందరికీ గిట్‌ల్యాబే కావాలా? అక్కర్లేదు. కోడ్ పరీక్షల నుంచి విడుదల దాకా అన్నీ అందులోనే ఉంటాయి నిజమే, కానీ దానికి ర్యామ్ గిగాబైట్లకు గిగాబైట్లు కావాలి. అలాంటిదే అయిన, 2016లో పుట్టిన గిటీ ఒక్క ఫైలుతో నడుస్తుంది, రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్ చాలు. గిటీ పేరు, డొమైన్ ఒక కంపెనీ చేతికి వెళ్లాయని అలిగిన కొందరు 2022లో ‘ఫోర్జియో’గా విడిపోయారు. బెర్లిన్‌లోని కోడ్‌బెర్గ్ సంఘం ఫోర్జియో వెనుక ఉంది. అయిదారుగురు ఉన్న జట్టుకు ఈ రెండింట్లో ఏదైనా సరిపోతుంది.

సొంతంగా నడిపేటప్పుడు అసలు తిప్పలు బ్యాకప్‌తోనే. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సొంత సైట్లోనే ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ మీద తొలగింపు కమాండ్ కొట్టాడు. తేరుకుని ఆపేలోపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ కోసం వెతికితే అది ఉండాల్సిన చోట ఏమీ లేదు. డేటాబేస్ వెర్షన్, బ్యాకప్ టూల్ వెర్షన్ కుదరక బ్యాకప్ విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు! ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక కాపీ ఉండబట్టి గట్టెక్కారు.

కోడ్ మాత్రం పోలేదు, అది డేటాబేస్‌లో ఉండదు కాబట్టి. పైగా ఈ వేదికలన్నిటికీ పునాది అయిన గిట్‌ను 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన తీరే అంత, కోడ్ తెచ్చుకున్న ప్రతి కంప్యూటర్లోనూ దాని పూర్తి చరిత్ర ఉంటుంది. ఫిర్యాదులు, వ్యాఖ్యలు, చర్చలు మాత్రం డేటాబేస్‌లోనే ఉంటాయి. ఆ ఆరు గంటల్లో చేరి పోయినవి అలాంటివే. ఏ వేదిక ఎంచుకున్నా, దాని బ్యాకప్‌ను ఖాళీ సర్వర్ మీద ఒకసారి తిరిగి ఎక్కించి చూశాకే కోడ్‌ను అక్కడికి మార్చాలి. లేకపోతే ఆ పని ఆపద వచ్చాక చేయాల్సివస్తుంది, గిట్‌ల్యాబ్ అయితే తన మరమ్మతును యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసింది.